ఏం జరుగుతుందో మీకే తెలియనప్పుడు టీంని నడపడం ఎలా

శుక్రవారం సాయంత్రం అయిదున్నరకి ఒక మెయిల్ వస్తుంది. "సంస్థ నిర్మాణంలో కొన్ని మార్పులు చేస్తున్నాం, పూర్తి వివరాలు త్వరలో తెలియజేస్తాం" అని నాలుగు లైన్లు, కింద పై స్థాయి వాళ్ల పేరు. పది నిమిషాల్లో మీ ఫోన్‌కి మెసేజ్‌లు మొదలవుతాయి. "సార్, మెయిల్ చూశారా?" "మేడమ్, మన టీం సంగతేంటి?" ఆ మెయిల్ మీకూ అప్పుడే వచ్చింది, మీకు తెలిసిందీ ఆ నాలుగు లైన్లే. కానీ వాళ్ల లెక్కలో మీరు మేనేజర్, మీకు ముందే అంతా తెలిసి ఉంటుంది.

నిర్ణయం తీసుకునే అధికారం లేకుండా, దాన్ని టీంకి చెప్పి పని నడిపించాల్సిన బాధ్యత మాత్రం మీద పడ్డవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. టీం లీడ్లు, సూపర్‌వైజర్లు, డిపార్ట్‌మెంట్ చూసుకునేవాళ్లు. రెండు విభాగాలు కలిపేయడం కావచ్చు, ఉద్యోగాల కోత కావచ్చు, కొత్త యాజమాన్యం, కొత్త సాఫ్ట్‌వేర్, ఏఐ వచ్చి పని తీరే మారిపోవడం, ఏదైనా సరే, టీంలో పుట్టే గుబులు దాదాపు ఒకేలా ఉంటుంది.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. ఇలాంటి మెయిలే ఒకసారి వచ్చినప్పుడు, సోమవారం పొద్దున్నే టీంని పిలిచి "ఎవరూ కంగారు పడకండి, మన టీంకి ఏమీ కాదు" అన్నాను. నాకు ఎవరూ అలా చెప్పలేదు. వాళ్ల మొహాలు చూసి ఉండబట్టలేక అనేశాను. అయిదు వారాలకి మా టీంలో రెండు పోస్టులు తీసేశారు. అందులో ఒకతను లెటర్ తీసుకున్న రోజు సాయంత్రం నా దగ్గరకి వచ్చి, గొంతు కూడా పెంచకుండా అన్నాడు: "మీకు తెలీదని చెప్పినా బాగుండేది సార్. మీ మాట నమ్మి మొన్ననే ఇంటి లోన్ కాగితాల మీద సంతకం పెట్టాను." నేను ధైర్యం చెప్పాననుకున్నది అతనికి ఖర్చు అయింది. అతను వేరే ఉద్యోగం వెతుక్కోవడానికి ఉన్న అయిదు వారాలు నా మాట వల్ల పోయాయి. అప్పటినుంచి నేను పాటిస్తున్నది ఒకటే: ఏం జరుగుతుందో చెప్పలేకపోతే, ఎప్పుడు తెలుస్తుందో చెప్పాలి. అదీ తెలియకపోతే, మళ్లీ ఎప్పుడు కూర్చుని మాట్లాడుకుంటామో చెప్పాలి. కింద రాసిందంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

తెలియకపోవడమే ఎక్కువ కష్టం

చెడ్డ వార్త చెప్తే టీం కుప్పకూలిపోతుందని మేనేజర్లు భయపడతారు. అందుకే వీలైనంత వరకూ నాన్చుతారు. నిజానికి మనిషికి చెడ్డ వార్త కంటే "అవునో కాదో" అన్న స్థితే ఎక్కువ భారం. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2016లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. 45 మందిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, తెర మీద కనిపించే రాళ్లలో దేని కింద పాము ఉందో ఊహించమన్నారు. పాము ఉంటే చేతికి చిన్న కరెంట్ షాక్. చెమట, కంటిపాప పెద్దదవడం లాంటివి కొలిచి చూస్తే, షాక్ తప్పదని కచ్చితంగా తెలిసినప్పటి కంటే, తగలడానికీ తగలకపోవడానికీ సగం సగం అవకాశం ఉన్నప్పుడే వాళ్లలో ఒత్తిడి ఎక్కువగా కనిపించింది.

ఆఫీసులో ఇది ఒకటి రెండు నిమిషాల ఆట కాదు, నెలలు సాగుతుంది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్యాన్ని 1985 నుంచి గమనిస్తూ వస్తున్న వైట్‌హాల్ 2 అనే పెద్ద అధ్యయనం ఉంది. అందులో ఉన్న విభాగాల్లో ఒకదాన్ని ప్రైవేటుపరం చేస్తారని తేలాక, ఇంకా ఎవరి ఉద్యోగమూ పోకముందే, అక్కడివాళ్లు, ముఖ్యంగా మగవాళ్లు, తమ ఆరోగ్యం పాడైందని చెప్పడం మిగతా విభాగాల కంటే ఎక్కువైంది. కాబట్టి మీ టీంలో ఎవరైనా నిద్ర పట్టడం లేదంటే, చిన్న మెయిల్‌కి కూడా విసుక్కుంటుంటే, ఎప్పుడూ చేయని తప్పు చేస్తుంటే, "ఇంకా ఏమీ జరగలేదు కదా, ఎందుకింత హడావుడి" అనుకోకండి. వాళ్లకి అది జరుగుతూనే ఉంది.

మొదటి రోజు

టీంతో మాట్లాడే ముందు మీ పైవాళ్లతో పావుగంట మాట్లాడండి. మెయిల్లో కాదు, ఫోన్‌లోనో ఎదురుగానో. అడగాల్సినవి ఇవి: ఇందులో ఖాయమైంది ఏది, ఇంకా ఆలోచనలో ఉన్నది ఏది? తర్వాతి ప్రకటన ఏ తేదీన? నేను టీంకి చెప్పకూడనిది ఏమైనా ఉందా, ఉంటే ఎప్పటిదాకా? ఇక అసలు ప్రశ్న, "ఉద్యోగాలు పోతాయా అని వాళ్లు అడుగుతారు, నేను ఏ మాట చెప్పాలి?" ఈ నాలుగో ప్రశ్న అడగడానికి చాలామంది మొహమాటపడతారు. మీరు అడగకపోయినా మీ టీం మిమ్మల్ని అడుగుతుంది, అదీ మొదటి అయిదు నిమిషాల్లోనే. పైవాళ్లు దాటవేస్తే "సరే, అయితే నాకు దీని మీద సమాచారం లేదనే చెప్తాను, సరేనా?" అని అక్కడే ఒప్పించుకోండి.

తర్వాత టీంని పిలవండి, ఆ రోజే. సోమవారం దాకా ఆగితే శని, ఆదివారాల్లో వాళ్ల గ్రూప్ చాట్‌లో గోరంత కొండంత అయిపోతుంది, మీరు లేని చోట మీ టీం భవిష్యత్తు తేలిపోతుంది. పూర్తి సమాచారం లేకపోయినా ఫరవాలేదు, పది నిమిషాలు చాలు. ఇలా మాట్లాడొచ్చు:

"ఆ మెయిల్ మీతో పాటే నాకూ వచ్చింది. నాకు తెలిసింది ఇంతే: రెండు విభాగాలు కలుస్తున్నాయి, అది ఖాయం. ఎవరు ఎవరి కింద పనిచేస్తారు, పోస్టులు తగ్గుతాయా అనేది నాకు తెలియదు. తగ్గవని మాట ఇవ్వలేను. వచ్చే గురువారం మూడింటికి మళ్లీ కూర్చుందాం. అప్పటికి కొత్తగా ఏమీ తెలియకపోయినా కూర్చుందాం."

"తగ్గవని మాట ఇవ్వలేను" అన్నప్పుడు గదిలో ఒక నిశ్శబ్దం వస్తుంది. దాన్ని నింపాలని చూడకండి. "కానీ మనం బాగా పనిచేస్తున్నాం కాబట్టి..." అని మొదలుపెట్టారంటే మళ్లీ నేను చేసిన తప్పే చేస్తున్నట్టు. ఉద్యోగాల కోత చాలాసార్లు పనితనం చూసి జరగదు, లెక్కలు చూసి జరుగుతుంది. బాగా పనిచేస్తే మిగులుతాం అన్న నమ్మకం మీరు కలిగిస్తే, రేపు పోయినవాడు తన పని బాగోలేకే పోయిందనుకుంటాడు. ఆ బాధ ఉద్యోగం పోయిన బాధ కంటే పెద్దది.

గురువారం బోర్డు

ఇది నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చిన పద్ధతి కాబట్టి కాస్త విడమరచి చెప్తాను.

గోడ మీద వైట్‌బోర్డు అయినా, అందరూ చూడగలిగే ఒక షీట్ అయినా సరే, మూడు వరసలు గీయండి. మొదటిది "తెలిసింది", రెండోది "తెలియనిది", మూడోది "ఎప్పుడు తెలుస్తుంది". ప్రతి వారం ఒకే రోజు, ఒకే టైంకి ఇరవై నిమిషాలు టీం అంతా దాని ముందు కూర్చోవాలి. వాళ్లు అడిగే ప్రతి ప్రశ్నా "తెలియనిది" కింద వాళ్ల మాటల్లోనే రాయండి. "షిఫ్ట్ టైమింగ్స్ మారతాయా", "ఇంక్రిమెంట్ ఈ ఏడాది ఉంటుందా", "మన మేనేజర్ మీరే ఉంటారా". మీరు దాన్ని ఆఫీసు భాషలోకి మార్చి "కార్యనిర్వహణ విధానంపై స్పష్టత" అని రాశారంటే అడిగినవాళ్లు ఇంకోసారి అడగరు.

మూడో వరసలో తేదీ ఉండాలి. "త్వరలో" అన్న మాట ఆ బోర్డు మీద ఎక్కడా కనిపించకూడదు. నిర్ణయం తేదీ తెలియకపోతే మీరు అడిగే తేదీ రాయండి: "12న హెచ్ఆర్‌ని అడుగుతాను, 14న మీకు చెప్తాను." 14న జవాబు రాకపోతే ఆ గడిలోనే "అడిగాను, ఇంకా తేలలేదు, 21న మళ్లీ" అని రాయండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ అన్నీ ఊగుతున్న టైంలో వాళ్లు పట్టుకోవడానికి ఉన్న ఒకే ఒక్క ఆధారం, మీరు చెప్పిన రోజుకి చెప్పిన పని చేయడం. నిర్ణయాలు మీ చేతిలో లేవు, ఈ తేదీలు మాత్రం మీ చేతిలో ఉన్నాయి.

చెప్పడానికి ఏమీ లేని వారం మీటింగ్ మానేయాలనిపిస్తుంది. ఆ వారమే మానకూడదు. మీరు రద్దు చేశారంటే "ఏదో ఉంది, అందుకే తప్పించుకుంటున్నారు" అనే అనుకుంటారు. వచ్చి, బోర్డు ముందు నిలబడి, "ఈ వారం కొత్తగా ఏమీ లేదు, పోయిన వారం రాసినవి అలాగే ఉన్నాయి, మీకు కొత్త ప్రశ్నలుంటే చెప్పండి" అనండి. అయిదు నిమిషాల్లో అయిపోతే అయిపోనివ్వండి.

ఇంకోటి, గాలి వార్తలకి కూడా బోర్డు మీద చోటివ్వండి. "ఏం విన్నారు ఈ వారం?" అని మీరే అడగండి. మొదటి రెండు వారాలు ఎవరూ నోరు విప్పరు, మూడో వారం ఎవరో ఒకరు "పక్క బిల్డింగ్ ఖాళీ చేస్తున్నారట కదా సార్" అంటారు. అది అబద్ధమైతే అక్కడే తేలిపోతుంది, తెలియకపోతే తేదీ పడుతుంది. ఎవరు చెప్పారని మాత్రం ఆరా తీయకండి, ఒక్కసారి తీస్తే ఆ తలుపు మూసుకుపోతుంది.

తెలిసీ చెప్పలేనివి

కొన్ని విషయాలు మీకు తెలుస్తాయి, చెప్పే వీలుండదు. చట్టపరమైన కారణాలు ఉండొచ్చు, షేర్ మార్కెట్లో ఉన్న సంస్థ అయితే బయటపెట్టకూడని సమాచారం ఉంటుంది, ఒక్కోసారి ఆ వార్త ముందుగా వినాల్సిన మనిషి వేరే ఉంటాడు. మింగలేక కక్కలేక ఉండే పరిస్థితి అది. దీనికి ముందే దారి వేసుకోవాలి. మొదటి మీటింగ్‌లోనే, ఇంకా ఏ రహస్యమూ మీ చేతికి రాకముందే ఇలా అనండి: "నాకు తెలిసినా చెప్పలేని విషయాలు మున్ముందు ఉండొచ్చు. అప్పుడు 'దీని గురించి నేను మాట్లాడలేను' అంటాను. తెలియనప్పుడు 'తెలియదు' అంటాను. ఈ రెండూ కలిపేయను."

ఈ మాట నిలబెట్టుకోవడం కష్టమే. ఎవరైనా సూటిగా "నా పేరు లిస్టులో ఉందా?" అంటే, మీకు తెలిసుంటే, "మాట్లాడలేను" అన్నా అది అవునన్నట్టే అవుతుంది. అందుకే ఏ ఒక్కరి గురించీ, పేరు ఉన్నా లేకపోయినా, "వ్యక్తుల గురించి నేను ఎవరికీ ఏమీ చెప్పను" అని ముందునుంచే అందరికీ ఒకే జవాబు పెట్టుకోండి. మీకు బాగా దగ్గరైనవాళ్లకి మినహాయింపు ఇవ్వకండి. అలా ఒకరికి చెప్పిన సంగతి సాయంత్రానికి టీం అంతా తెలుస్తుంది, మీరు చెప్పారని కూడా తెలుస్తుంది.

ఒక్కొక్కరితో విడిగా

అందరినీ కూర్చోబెట్టి చెప్పేది సమాచారం. మనిషికి అది ఎక్కడ తగిలిందో తెలియాలంటే విడిగా కూర్చోవాలి. మార్పు గురించి ఎక్కువగా రాసిన అమెరికన్ సలహాదారు విలియం బ్రిడ్జెస్ ఒక తేడా చూపించాడు: మార్పు బయట జరుగుతుంది, దానికి లోపల సర్దుకోవడం వేరే ప్రయాణం, ఆ ప్రయాణం ఏదో ఒకటి పోగొట్టుకోవడంతో మొదలవుతుంది. నా అనుభవంలో ఇది అక్షరాలా నిజం. మేనేజర్లు కొత్తదాని గొప్పతనం చెప్పడం మొదలుపెడతారు, ఎదుటివాళ్లు ఇంకా పాతదాన్ని వదల్లేక కూర్చుని ఉంటారు.

కాబట్టి అడగండి: "ఈ మార్పులో నీ చేతిలోంచి పోతున్నది ఏంటి?" జవాబులు మీరు ఊహించినవి కావు. మా టీంలో ఒక సీనియర్ కొత్త సాఫ్ట్‌వేర్ అంటే అడుగడుగునా అడ్డుపడేది, మీటింగ్‌లో ప్రతిదానికీ వంక పెట్టేది. వయసు వల్ల కొత్తది నేర్చుకోలేకపోతోందని అందరం అనుకున్నాం. విడిగా కూర్చున్న రోజు టీ చల్లారిపోయేదాకా మాట్లాడలేదు. తర్వాత చెప్పింది: "పన్నెండేళ్ల నుంచి పాత సిస్టంలో ఏ తేడా వచ్చినా అందరూ నా సీటు దగ్గరకే వచ్చేవాళ్లు సార్. కొత్తది వస్తే ఇరవై రెండేళ్ల పిల్లల పక్కన నేనూ కొత్తదాన్నే." ఆమెకి నేర్చుకోవడం అంటే భయం లేదు, పోతున్నది పరపతి. పాత డేటా కొత్తదానిలోకి సరిగ్గా వచ్చిందో లేదో చూసే బాధ్యత ఆమెకి ఇచ్చాం, నిజంగానే ఆ పని ఆమె తప్ప ఎవరూ చేయలేరు. నెల తిరక్కుండా మళ్లీ ఆమె సీటు దగ్గర ముగ్గురు నిలబడి ఉండటం చూశాను.

గట్టిగా వ్యతిరేకించేవాళ్ల గురించి మీరు టెన్షన్ పడతారు కానీ, వాళ్లు కనీసం చెప్తున్నారు. వాళ్లు పెట్టే వంకల్లో సగం నిజమైన లోపాలే ఉంటాయి, రాసుకోండి. నేను ఎక్కువ భయపడేది ఉన్నట్టుండి మౌనంగా మారిపోయినవాళ్ల గురించి. అమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990ల్లో ఆసుపత్రి బృందాలను పరిశీలించినప్పుడు, బాగా కలిసి పనిచేసే బృందాల్లోనే తప్పులు ఎక్కువగా నమోదై కనిపించాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేస్తున్నారని కాదు, భయం లేకుండా చెప్పుకుంటున్నారని ఆమె తర్వాత తేల్చింది. మీ టీంలో ఈ రెండు నెలల్లో ఏ సమస్యా మీ దాకా రాలేదంటే సంతోషించే ముందు ఒకసారి ఆలోచించండి.

పని తగ్గించండి, చిన్నది చేయండి

అనిశ్చితి ఉన్న టైంలో అందరి బుర్రలో ఒక భాగం ఎప్పుడూ అదే ఆలోచిస్తూ ఉంటుంది. మామూలు రోజుల్లో పట్టే టైం ఇప్పుడు సరిపోదు, ఆ నిజం ఒప్పుకుని ప్లాన్ చేయండి. చేతిలో ఉన్న పనుల లిస్టు తీసి, ఈ మూడు నెలలు ఆపేసినా ఎవరికీ నష్టం లేనివి ఏవో టీంతో కలిసి కొట్టేయండి. ఎవరూ చదవని వారపు రిపోర్టు, అలవాటుగా నడిచే రివ్యూ, ఏడాది తర్వాత ఎవరికి పనికొస్తుందో తెలియని ప్రాజెక్ట్. మిగిలినవాటిని వారం, రెండు వారాల్లో పూర్తయ్యే ముక్కలుగా చేయండి. మార్చిలో ఈ టీం ఉంటుందో లేదో తెలియనివాళ్లకి మార్చి డెడ్‌లైన్ ఇస్తే ఎవరి మనసూ దాని మీద నిలవదు. ఈ శుక్రవారానికి అయిపోయే పని అయితే చేస్తారు, అయిపోయాక కాస్త ఊపిరి కూడా పీల్చుకుంటారు.

తర్వాత, వాళ్లు నిర్ణయించగలిగేవి వాళ్లకి వదిలేయండి. మార్పు జరగాలా వద్దా అనేది వాళ్ల చేతిలో లేదు, ఎలా జరగాలి అనేదాంట్లో చాలా ఉంటుంది: ఏ పని ముందు మారాలి, ట్రైనింగ్ పొద్దున పెట్టుకోవాలా మధ్యాహ్నమా, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి. దీని మీద ఒక పాత ప్రయోగం ఉంది. అమెరికాలోని వర్జీనియాలో హార్వుడ్ అనే పైజామాలు కుట్టే ఫ్యాక్టరీలో పని పద్ధతులు తరచూ మార్చాల్సి వచ్చేది, మార్చినప్పుడల్లా కుట్టేవాళ్లు మండిపడేవాళ్లు, మానేసేవాళ్లు. లెస్టర్ కోచ్, జాన్ ఫ్రెంచ్ అనే ఇద్దరు అక్కడ ఒక గుంపుకి మార్పు గురించి కేవలం చెప్పి ఊరుకున్నారు, ఇంకో గుంపుకి ప్రతినిధుల ద్వారా పాల్గొనే వీలిచ్చారు, మరో రెండు గుంపుల్లో అందరినీ కూర్చోబెట్టి కొత్త పద్ధతి వాళ్లతోనే తయారు చేయించారు. 1948లో వచ్చిన ఫలితాల ప్రకారం, చెప్పి ఊరుకున్న గుంపులో ఉత్పత్తి పడిపోయి అక్కడే ఉండిపోయింది, మొదటి 40 రోజుల్లో 17 శాతం మంది మానేశారు. అందరూ పాల్గొన్న గుంపులు కొద్ది రోజుల్లోనే తేరుకుని పాత స్థాయిని దాటాయి.

ఒక హెచ్చరిక. పైన అంతా తేలిపోయాక "మీ అభిప్రాయం చెప్పండి" అని అడగకండి. అడిగి పక్కన పెట్టేయడం అడగకపోవడం కంటే అన్యాయం. ఏది మార్చగలమో ఏది మార్చలేమో ముందే చెప్పి, మార్చగలిగినదాని మీదే అడగండి.

కొత్త పద్ధతి మొదలైన తొలి వారాల్లో పని నెమ్మదిస్తుంది, ఎంత మంచి టీం అయినా. ఈ సంగతి మీ పైవాళ్లకి ముందే చెప్పి, ఆ కాలానికి టార్గెట్లు తగ్గించుకుని రండి. అంతా అయ్యాక సంజాయిషీ ఇచ్చుకోవడం కంటే ముందే అడగడం తేలిక. పాత పద్ధతి ఏ తేదీన ఆగిపోతుందో కూడా చెప్పేయండి, లేకపోతే ఆరు నెలలైనా రెండూ నడుస్తూ పని రెట్టింపు అవుతుంది.

ఏఐ గురించి అడుగుతారు, తప్పకుండా. "మా పని అది చేసేస్తుందా?" అంటే మొత్తం ఉద్యోగం గురించి జోస్యం చెప్పకండి, ఎవరి దగ్గరా ఆ జవాబు లేదు. వాళ్లు వారంలో చేసే పనులు ఒక కాగితం మీద రాయించి, ఒక్కో పనినీ ఆ టూల్‌తో కలిసి చేసి చూడండి. ఏది అది చేయగలదు, దేనికి మనిషి చూడాల్సి వస్తోంది, ఏది దానివల్ల కాదు అనేది కళ్లతో చూసినవాళ్లకి భయం కాస్త ఆకారంలోకి వస్తుంది. ఏం నేర్చుకోవాలో కూడా అక్కడే తెలుస్తుంది.

కోత పడ్డ రోజు, దాని మర్నాడు

కష్టమైన భాగం ఇదే. వార్త చెప్పాల్సింది మీరే అయితే మొదటి రెండు వాక్యాల్లోనే చెప్పేయండి. "ఎలా ఉన్నావ్, ఇంట్లో అందరూ బావున్నారా" అంటూ అయిదు నిమిషాలు నడిపించి తర్వాత చెప్తే ఆ అయిదు నిమిషాలు వాళ్లు జీవితాంతం మర్చిపోరు. "నీ పోస్టు తీసేస్తున్నారు. ఆఖరి రోజు ఈ నెల 30. ఇది తుది నిర్ణయం." ఆ తర్వాత ఆగండి. కారణం అడిగితే ఉన్నది చెప్పండి. రావాల్సిన డబ్బు, నోటీస్ పీరియడ్, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా, సిఫారసు లేఖ ఎవరిస్తారు, ఇవన్నీ కాగితం మీద రాసి చేతికివ్వండి, ఆ నిమిషంలో విన్నది ఎవరికీ గుర్తుండదు. "నాకూ చాలా కష్టంగా ఉంది" అనకండి. ఉంటుంది, నిజమే, కానీ ఆ గదిలో ఓదార్పు వాళ్లకి దక్కాలి.

కారణం చెప్పే తీరు ఎంత తేడా తెస్తుందో జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ అనే అమెరికన్ పరిశోధకుడు 1990లో చూపించాడు. ఒక సంస్థ కాంట్రాక్టులు పోయి, తన మూడు ప్లాంట్లలో రెండింటిలో 10 వారాల పాటు 15 శాతం జీతం తగ్గించింది. ఒక చోట ఎందుకు తగ్గించాల్సి వచ్చిందో లెక్కలతో సహా గంటన్నర సేపు వివరించి, ప్రశ్నలన్నిటికీ జవాబిచ్చి, బాధగా ఉందని మనస్ఫూర్తిగా చెప్పారు. రెండో చోట పావుగంటలో తేల్చేశారు. కోత ఒకటే, కానీ రెండో ప్లాంట్‌లో దొంగతనాలు బాగా పెరిగాయి, ఉద్యోగం మానేసినవాళ్లూ అక్కడే ఎక్కువ. జనం తగ్గించిన డబ్బుని లెక్కపెట్టడంతో పాటు తమకి ఎంత టైం ఇచ్చారో కూడా లెక్కపెడతారు.

మర్నాడు మిగిలినవాళ్లు వస్తారు. బయటికి మామూలుగా ఉంటారు. లోపల "నేనెందుకు మిగిలాను" అన్న అపరాధభావం ఒకపక్క, "తర్వాత నేనేనా" అన్న భయం ఒకపక్క. వెళ్లినవాళ్ల పేర్లు పలకకుండా, కుర్చీలు సర్దేసి, ఏమీ జరగనట్టు పని మొదలుపెడితే, రేపు తమ కుర్చీ కూడా ఇలాగే సర్దేస్తారని వాళ్లకి అర్థమైపోతుంది. పేర్లు చెప్పండి, వాళ్లు ఏం చేశారో చెప్పండి, వీడ్కోలు చెప్పుకునే వీలు కల్పించండి. ఇక వెళ్లినవాళ్ల పని: ఇద్దరు చేసే పని ఒకరి నెత్తిన రుద్దితే మూడో నెలకి ఆ ఒక్కరూ వెళ్లిపోతారు. పోయిన వ్యక్తి చేసిన పనుల లిస్టు రాసి, ఏది ఎవరు చేస్తారు, ఏది ఇక ఎవరూ చేయరు అని పైవాళ్లతో ఒప్పించి టీం ముందు చదవండి. "ఇక ఎవరూ చేయరు" అన్న వరస ఖాళీగా ఉంటే, ఆ లిస్టు ఇంకా పూర్తి కాలేదని అర్థం.

"ఇంకా కోతలు ఉంటాయా" అని ఆ రోజే అడుగుతారు. లేవని పైనుంచి రాతపూర్వకంగా వస్తే తప్ప లేవనకండి. బోర్డు మీద రాసి తేదీ వేయండి.

మీ సంగతి

ఈ కాలమంతా మీరు కూడా అదే పడవలో ఉంటారు, మీ పోస్టు సంగతి కూడా మీకు తెలియదు. టీంకి అది కాస్త తెలిస్తే తప్పు లేదు. "నాకూ టెన్షన్‌గానే ఉంది, కానీ గురువారాలు మాత్రం తప్పను" అనడం వరకూ సరే. దాన్ని దాటి పైవాళ్ల మీద అక్కసు టీం ముందు వెళ్లగక్కితే, ఆ రోజు మీతో వాళ్లు బాగా కలిసిపోయినట్టు అనిపిస్తుంది, మర్నాటి నుంచి మీరు తెచ్చే ఏ వార్తనీ నమ్మరు. అక్కసు వెళ్లగక్కడానికి మీ స్థాయిలోనే ఉన్న ఇంకో మేనేజర్‌ని, వీలైతే వేరే విభాగంలో ఉన్నవాళ్లని చూసుకోండి. వారానికి ఒకసారి ఇద్దరూ కలిసి టీ తాగండి, ఇది కూడా పనిలో భాగమే అనుకుని క్యాలెండర్లో పెట్టుకోండి.

టీంలో ఎవరైనా రోజుల తరబడి తిండి, నిద్ర లేకుండా ఉంటే, ఏదీ మిగల్లేదన్నట్టు మాట్లాడితే, అది మీరు బోర్డుతో సర్దగలిగేది కాదు. విడిగా పిలిచి, చూసింది చూసినట్టు చెప్పి, డాక్టర్‌ని గానీ కౌన్సెలర్‌ని గానీ కలిసేలా చూడండి, అవసరమైతే అపాయింట్‌మెంట్ మీరే తీసుకోండి. బతకాలని లేదన్న మాట నోటి నుంచి వస్తే ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా వెంటనే ఇంట్లోవాళ్లకో వైద్యులకో అప్పగించండి. రహస్యంగా ఉంచుతానని మాట మాత్రం ఇవ్వకండి.

అన్నీ సర్దుకున్నాక గురువారం మీటింగ్‌ని ఒక్కసారిగా ఆపేయకండి. రెండు వారాలకోసారి చేసి, తర్వాత నెలకోసారి చేసి, అప్పుడు వదలండి. ఆఖరి రోజున బోర్డు తుడిచే ముందు టీంతో కలిసి పైనుంచి కింద దాకా చదవండి. మనం రాసిన తేదీల్లో ఎన్ని నిలబడ్డాయి, మీరు చెప్పినవాటిలో ఏవి తప్పాయి, ఏ ప్రశ్న ఇంకా జవాబు లేకుండానే ఉండిపోయింది. మేం అలా చదివినప్పుడు రెండు ప్రశ్నలు మిగిలాయి. వాటిని కొత్త కాగితం మీద రాసుకుని, పక్కన తేదీ వేసి, బోర్డు తుడిచాం.